అత్త పండబెట్టిన ముక్క

మా అత్త పోయిందని నాకు ఆవపల్లి సంతలో తెలిసింది. అదీ మూడో రోజున.

సంత నాడు నేను అక్కడ ఒక రేకుల గదిలో కంప్యూటర్ పెట్టుకొని కూర్చుంటాను. రేషన్ కార్డులు, ఆధార్ సవరణలు, పట్టాల అర్జీలు, ఎవరికేది కావాలంటే అది నింపి ఇస్తాను. ఆ రోజు అత్త ఊరాయన ఒకాయన కార్డులో పేరు సరిచేయించుకోవడానికి వచ్చాడు. వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక కూర్చొని వేలిముద్ర వేశాడు. పడలేదు. వేలు లుంగీకి తుడుచుకొని మళ్ళీ వేశాడు. అంతా అయ్యాక, కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ చెప్పాడు.

"మీ అత్త పోయిందమ్మా. మొన్ననే మట్టి చేసినం."

"వచ్చి ఇంతసేపాయె, ముందే చెప్పొద్దా?"

"పనిల ఉన్నవు గద. నా ఎనక ఇంతమంది నిలవడ్డరు. పనైనంక చెప్దమనుకున్న."

మా వైపు మనుషులంతే, చావు కబురు కూడా వరస తప్పి చెప్పరు. జ్వరం రెండు రోజులేనట. మూడో రోజు పొద్దున పక్కింటి అవ్వ వెళ్ళి పిలిస్తే పలకలేదట. నాకు ఫోన్ చేద్దామంటే ఊళ్ళో సిగ్నల్ లేదు, గుట్ట ఎక్కితే వస్తుంది. గుట్ట ఎక్కినవాడి దగ్గర నా నంబరు లేదు. ఆయన లేచి వెళ్ళాక ఇంకొకాయన వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన వేలిముద్ర కూడా తీసుకున్నాను. ఆ తర్వాత ఇంకో ముగ్గురివి. ఏడుపు రాలేదు.

అత్త అంటే మా నాన్నకు అక్క. పెళ్ళై ఆవపల్లికి లోపల, వాగు దాటి నడవాల్సిన ఆ ఊరికి వెళ్ళింది. పిల్లలు కలగలేదు. మామ పోయి చాలా ఏళ్ళయింది. తుపాకుల భయంతో గడిచిన గడబిడ ఏళ్ళలో మా ఛత్తీస్‌గఢ్ వైపు ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. మిర్చి కోతలకని గోదావరి అవతలికి వెళ్ళినవాళ్ళు అక్కడే గుడిసెలు వేసుకొని ఉండిపోయారు. మా అమ్మానాన్న కూడా అలా వెళ్ళినవాళ్ళే. నాన్న రెండుసార్లు వచ్చి అక్కను రమ్మని బతిమాలాడు. రెండుసార్లూ ఆమె ఒకటే మాట అంది.

"ముక్క పండుకున్నది తమ్మీ. అది లేసే యాళ్ళకు నేను లేకపోతె ఎట్ల?"

నాన్నకు కోపం వచ్చింది. నేల పేరు చెప్పి మొండికేస్తోందనుకున్నాడు. నేను చిన్నదాన్ని కాబట్టి ఆ మాట నాకు మామూలుగానే తోచింది.

ఆ ముక్క సంగతి మీకు చెప్పాలి. అత్తకు గుట్ట వాలులో మూడు ముక్కల భూమి ఉండేది. ఎప్పుడు చూసినా రెండు ముక్కల్లోనే పంట ఉండేది. కొర్రలు, జొన్న, మధ్యమధ్య కంది. మూడోది పండుకొని ఉండేది. అలసిన ముక్కను నాలుగు వానల పాటు, అంటే నాలుగు వానాకాలాలు, పండబెట్టాలి. పైరు వేయకూడదు, కట్టె కొట్టకూడదు, పశువును తోలకూడదు. కాలు కూడా పెట్టకూడదు. లోనికి పోయే దారిలో రెండు కర్రలు పాతి అడ్డతీగ నారతో పేనిన తాడు కట్టేది. తునికి మొలకలు తన నడుము దాటాయా, నేల మీద రాలిన ఆకు మెత్తబడిందా అని తాడుకు ఇవతల నిలబడే చూసుకునేది. నాలుగో వాన వెళ్ళాక ఒక కోడిని కోసి, తాడు విప్పి, భూమిని లేపేది. చుట్టుపక్కల ఊళ్ళలో అందరికీ ఈ పద్ధతి ఉందో లేదో నాకు తెలియదు. అత్త అత్తవారింట్లో మాత్రం ఉంది. పుట్టింటి నుంచి వచ్చిన మనిషి ఆ ఇంటి వాళ్ళకంటే గట్టిగా పట్టుకుంది.

పండుకున్న ముక్కను ఎవరైనా తొక్కితే వాళ్ళు ఇక ఆ ముక్క గింజ తినకూడదు. జన్మలో తినకూడదు. మా మామ ఒకసారి తప్పించుకున్న మేక వెంట పరుగెత్తి తెలియక లోపలికి వెళ్ళాడట. ఆ ముక్క లేచి పండినన్ని ఏళ్ళూ అత్త రెండు కుండలు పెట్టింది, తనకొకటి, ఆయనకొకటి. "ఆ మేకను కోసుకొని తిన్నడు గాని గింజను ముట్టలే మీ మామ" అని నవ్వేది. నవ్వుతూ చెప్పేది గానీ, ఒక్క పూట కూడా తప్పలేదట.

నేను బీజాపూర్ హాస్టల్లో చదువుకుంటూ సెలవులకు అత్త దగ్గరికే వచ్చేదాన్ని. గోదావరి అవతలికి పోతే అక్కడి పిల్లలకు నేను 'ఛత్తీస్‌గఢ్ పిల్ల'ను. బీజాపూర్‌లో ఇప్పటికీ ఇంటి ఓనరమ్మకు నేను 'తెలుగు వాలీ'ని. ఏ ఊరి పేరూ తగిలించకుండా వట్టి 'బిడ్డా' అని పిలిచే గుమ్మం నాకు అదొక్కటే.

ఆమెకు చదువు రాదు. అందుకేనేమో రాసి ఉన్నది ఏది కనబడినా నాతో చదివించుకునేది. అగ్గిపెట్టె, మందుబిళ్ళల అట్ట, సబ్బు కాగితం, ఏదీ వదిలేది కాదు. ఒకసారి సంతలో వ్యాపారి ఎవరో చిన్న యూరియా సంచి వాడి చూడమని ఊరికే ఇచ్చాడు. దాని మీద ఉన్నదంతా చదవమంది. హిందీలో ఉన్నది తెలుగు చేసి చెబుతూ పోయాను, చాలాసేపు పట్టింది. అంతా విని, "ఇంత రాసిండ్రంటే దీన్ల ఏదో దాసిండ్రు" అంది. సంచిని మూతి కూడా విప్పకుండా వెనక్కి పంపింది. పంట పెరుగుతుంది కదా అత్తా అంటే, "ఎద్దుకు కల్లు తాపితే ఇయ్యాల బాగనే గుంజుతది. రేపు లేవొద్దా?" అంది.

నేను వెళ్ళిపోయే రోజున వాగు దాకా వచ్చి సాగనంపేది. నేను నీళ్ళలో కాలు పెట్టగానే వెనుదిరిగి నడిచేది. ఒక్కసారి కూడా తల తిప్పి చూసేది కాదు. మొదట్లో నాకు బాధగా ఉండేది. అడిగితే, "ఎనక్కి చూస్తె పోయేటోళ్ళ కాళ్ళు బరువైతయి బిడ్డా" అంది. ఆ తర్వాత ఆమె వీపు చూస్తూ వాగు దాటడం నాకు అలవాటైంది.

అడవి భూమిని దున్నుకుంటున్నవాళ్ళకు దాని మీద హక్కు రాసివ్వాలని దేశం మొత్తానికీ ఒక చట్టం ఉంది. 2005 డిసెంబరు కంటే ముందు నుంచి సాగులో ఉండాలి. పదెకరాల లోపు ఇస్తారు. అమ్ముకోవడానికి లేదు గానీ, తర్వాతి వాళ్ళకు వారసత్వంగా వస్తుంది. గ్రామసభలో దావా, అంటే ఈ నేల నాదని అర్జీ, పెట్టుకోవాలి. ఊరి కమిటీ, సర్కారు మనుషులు వచ్చి నేల మీద చూసి కొలవాలి. మంచి చట్టమే. నేను ఇన్నేళ్ళుగా నింపుతున్న అర్జీల్లో సగం అవే. ఆ కాగితం రాని ఇళ్ళు ఎలా ఉంటాయో, వచ్చిన ఇళ్ళు ఎలా ఉంటాయో చూస్తూనే ఉన్నాను కాబట్టి, ఆ చట్టాన్ని ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే ఊరుకోను.

అత్త ఊరి దావాలన్నీ నేనే నింపాను. అత్తది నింపేటప్పుడు మూడు ముక్కలూ రాశాను. కొలతకు ఆరేళ్ళ కిందటి ఎండాకాలంలో వచ్చారు. ముందు రోజు సాయంత్రం ఒక జల్లు పడి నేల కాస్త మెత్తగా ఉంది. కొలిచే ఆయన చేతిలో ఫోనంత యంత్రం ఒకటి ఉంది. దాన్ని పట్టుకొని పొలం గట్టు వెంట ఒక చుట్టు నడిస్తే, నడిచిన గీత దానిలో పడుతుంది. దావా పెట్టిన మనిషి గానీ, వాళ్ళింటి మనిషి గానీ ముందు నడిచి హద్దు చూపించాలి. రెండు ముక్కల చుట్టూ అత్త చకచకా నడిచింది. మూడో ముక్క దగ్గర తాడు ముందు ఆగిపోయింది.

"యే భీ ఆప్కా హై?" అన్నాడాయన. ఇదీ మీదేనా అని.

అత్తకు హిందీ అర్థమవుతుంది. జవాబు మాత్రం తెలుగులోనే చెబుతుంది. "నాదే. పండుకున్నది. మూడు వానలైనయి, ఇంకొక్క వాన ఉన్నది. అది లేసినంక రమ్మను, సుట్టు తిరిగి సూపిస్త."

నేను హిందీలో చెప్పాను. ఆయన నవ్వాడు. చెడ్డవాడు కాదు. నీడకు వెళ్ళి నీళ్ళు తాగి వచ్చి, నాకు ఓపిగ్గా చెప్పాడు. వచ్చే ఏడాదికి తాను ఎక్కడుంటాడో తనకే తెలియదు. ఈ ఊరికి మళ్ళీ కొలత ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. నడిస్తేనే గీత పడుతుంది, గీత పడితేనే కాగితంలోకి ఎక్కుతుంది. ఇవాళ నడవకపోతే ఈ ముక్కను ఖాళీ అని రాయాలి.

ఖాళీ అని రాసిన నేల ఏమవుతుందో నాకు తెలుసు. ముందు అడవి శాఖ గుంతలు పడతాయి, తర్వాత వాళ్ళ మొక్కలు వస్తాయి, ఆ తర్వాత చుట్టూ ముళ్ళ తీగె. అందులో సొంత ఆవును తోలినా అడిగేవాళ్ళుంటారు. "అత్తా, ఒక్కసారి. ఒక్క సుట్టు" అని బతిమాలాను. ఆమె నా మొహం చూసింది. "నేను తొక్క" అంది. అంతే. నన్ను తొక్కొద్దని అనలేదు.

చెప్పులు తాడు దగ్గర విడిచాను. ఎందుకు విడిచానో నాకు తెలియదు, చెప్పుల్లేకపోతే తప్పు కాస్త తగ్గుతుందనుకున్నానేమో. ఆయన చేతిలోంచి యంత్రం తీసుకొని తాడు దాటాను. లోపల మూడేళ్ళ ఆకు, పాదం పెడితే మెత్తగా దిగిపోతోంది. చుట్టు పూర్తి చేసి వచ్చేసరికి అత్త అక్కడ లేదు. కమిటీలో ఉన్న పక్కింటి అవ్వ మాత్రం తాడు దగ్గర నిలబడి నన్ను చూస్తోంది.

ఆ సాయంత్రం బయల్దేరేటప్పుడు ఇంటికి వెళితే అత్త పొయ్యి ముందు ఉంది. "పో బిడ్డా, పొద్దువోతది" అంది. వాగు దాకా రాలేదు. అన్నేళ్ళలో ఆమె రాకపోవడం అదే మొదటిసారి. నేను ఒక్కదాన్నే వాగు దాటాను. అవతల గట్టు మీద కాసేపు కూర్చున్నాను, వస్తుందేమోనని.

మళ్ళీ కొత్త గింజ తినే కొత్తల పండుగకు వెళ్ళాను. ఎప్పటిలాగే అన్నం పెట్టింది, ఎప్పటిలాగే తలకు నూనె రాసింది. రాస్తూ అంది, "లెక్క మొదటికొచ్చింది పిల్లా. ఈ వానతోని కలిపి నాలుగు వానలు."

ఆ ఒక్క మాటా నాకు చెంపదెబ్బలా తగిలింది. మరుసటి ఏడాది లేవాల్సిన ముక్క నా అడుగుల వల్ల మళ్ళీ మొదటి నుంచి పండుకోవాలి. అప్పటికే అలసిపోయిన రెండు ముక్కలు ఇంకో నాలుగేళ్ళు ఆమెను సాకాలి. అవి సాకలేదు. ఏడాదికేడాదికి కంకి చిన్నదైంది. కళ్ళంలో కుప్ప మోకాలి ఎత్తుకు దిగింది. నేను యూరియా మాట ఎత్తలేదు, ఎత్తే మొహం నాకు లేదు. రేషన్ బియ్యం తెచ్చుకొని, ఇప్పపూలు ఏరుకొని, చింతపండు అమ్ముకొని వెళ్ళదీసింది. నా మీద ఒక్క సాధింపు మాట లేదు. తిట్టినా బాగుండేది. తిట్టని మనిషి దగ్గర కూర్చోవడం చాలా కష్టం. నా రాకపోకలు తగ్గాయి. పని ఎక్కువైందని చెప్పేదాన్ని. పని ఎప్పుడూ అంతే ఉండేది.

పట్టా మాత్రం వచ్చింది. మూడు ముక్కలూ ఎక్కాయి. చదివి వినిపించమంది. పేరు, ఊరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు అన్నీ చదివాను.

"పండుకున్నదని రాసిండ్రా?"

"అట్ల రాయరత్తా. దానికి జాగా లేదు."

"మరి ఎవరన్న ఒచ్చి తొక్కితె?"

ఆ మాట నన్ను పొడవడానికి అన్నదని కాదు, నిజంగానే అడిగింది. అలా నిజంగా అడగడమే నాకు మరీ కష్టమైంది.

ఆ తర్వాత మందుల్లేని సేద్యం పథకం వచ్చింది. చేతిలో రిజిస్టరుతో ఒక అబ్బాయి బండి మీద వచ్చి పట్టా ఉన్నవాళ్ళ పేర్లు రాసుకున్నాడు. నేను ఊళ్ళోనే ఉండి ఆయన హిందీ తెలుగులోకి, వీళ్ళ తెలుగు హిందీలోకి చెప్పుకొచ్చాను. పట్టా లేనివాళ్ళను రాసుకోవడానికి వీల్లేదన్నాడు. అత్తకు ఇప్పుడు పట్టా ఉంది. మూడేళ్ళ పాటు నేలకు మందు వేయకుండా ఉంటే సర్టిఫికెట్ ఇస్తామన్నాడు. అత్త ఎంత మర్యాదగా ఉండాలో అంత మర్యాదగానే విన్నది. "మా అత్తకు అత్త కూడ ఎయ్యలే. ఆమెను కూడ రాసుకోమను" అంది. ఆ అబ్బాయి నవ్వుతూ ముక్కముక్కకూ ఈ ఏటి పంట ఏమిటని అడిగాడు. మూడోది పండుకుందంటే రిజిస్టరు తిప్పి తిప్పి చూసి, పంట లేని ముక్కకు ఇందులో గడి లేదన్నాడు. నేలకు మందు పోయకపోవడం వాళ్ళకు అర్థమైంది. నేలకు పని చెప్పకపోవడం అర్థం కాలేదు. అత్త మాత్రం ఏ ఇబ్బందీ పడలేదు. "ఏ కాగితంల సూడు, దాన్ని లేపుదమనే సూస్తరు" అని ఆ అబ్బాయికి జావ పోసి ఇచ్చింది.

నాలుగు వానలు వెళ్ళాయి. ముక్క లేచింది. తాడు విప్పే రోజున రమ్మని కబురు పెట్టింది. నేను వెళ్ళలేదు. తొక్కినదాన్ని ఏ మొహంతో వెళ్ళి నిలబడాలి? ఆ ఏడు కొర్ర బాగా పండిందని సంతలో విన్నాను. వారం తిరక్కుండా ఒకాయన చేత మూట పంపింది, దంచి చెరిగి శుభ్రం చేసిన కొర్రలు. మూటతో పాటు మాట కూడా పంపింది. "తినమన్నది. ఆ ముక్కయే. భయం లేదన్నది."

ఆ మూట చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో. నేను చదువుకున్నదాన్ని. యంత్రం పట్టుకొని దర్జాగా తాడు దాటినదాన్ని. కానీ అది విప్పి వండుకోవడానికి చేయి రాలేదు. ముసలితనంలో నియమం మరిచిపోయిందనుకున్నాను. లేదా నా మీద జాలిపడి నియమం వదిలేసిందనుకున్నాను. ఆమె వదిలేసినంత మాత్రాన నేను తినడం న్యాయం కాదనిపించింది. మా మామ ఒక మేక కోసం తొక్కి జన్మంతా మానేశాడు, నేను తెలిసి తెలిసి తొక్కాను. మూటను ఇంటి ఓనరమ్మకు ఇచ్చేశాను. వాళ్ళాయనకు షుగరు. సంతోషంగా తీసుకుంది.

తర్వాత కలిసినప్పుడు అత్త మొదటి మాటే అదడిగింది.

"తిన్నవా?"

"తిన్న."

"ఎట్లున్నయి?"

"తియ్యగున్నయి అత్తా."

ఆమె మొహం విప్పారింది. "తియ్యగున్నయా" అని తనలో తాను అనుకున్నట్టు మళ్ళీ అంది. ఆ రోజు వాగు దాకా వచ్చింది. రెండో ఏడూ మూట పంపింది. రెండో ఏడూ ఓనరమ్మకే ఇచ్చాను. రెండో ఏడూ అడిగింది, అదే అబద్ధం చెప్పాను. అబద్ధం రెండోసారి తేలిగ్గా వస్తుంది.

ఈ వేసవిలోనే పోయింది. సంతలో ఆ కబురు విన్న మర్నాడు పొద్దున్నే ఊరికి వెళ్ళాను. వాగులో నీళ్ళు మడమ దాకా కూడా లేవు. నాన్నకు కబురు పంపాను, ఆయన ఇంకా దారిలో ఉన్నాడు. అత్త ఇంటి తలుపుకు తాళం లేదు, గొళ్ళెం పెట్టి ఉంది. పక్కింటి అవ్వ నన్ను చూసి వచ్చి అరుగు మీద కూర్చుంది. అత్తను ఎక్కడ మట్టి చేశారో, ఎవరెవరు వచ్చారో అన్నీ చెప్పింది. చివరి రోజు మధ్యాహ్నం జావ కాచి తెస్తే రెండు గుక్కలు తాగిందట. ఊళ్ళో కమిటీకి ముందే చెప్పి ఉంచిందట, పట్టాలో తన తర్వాత నా పేరు రాయించాలని.

"నేను ఆ భూమికి పనికిరాను అవ్వా" అన్నాను. "తొక్కినదాన్ని. నువ్వు సూడనే సూస్తివి."

అవ్వ నా వైపు వింతగా చూసింది. "మీ అత్త నీకు చెప్పలేదా?"

"ఏంది?"

"నువ్వు ఆ మిషిన్ పట్టుకొని తిరిగి పోతివి గద. నిన్ను పంపిచ్చి సక్కగ ఆడికే ఒచ్చింది. ముందురోజు వానకు తడి నేలాయె, నీ అడుగులు అచ్చుగుద్దినట్టు ఉన్నయి. చీర కుచ్చెళ్ళు ఎత్తి చెక్కి, తాడు దాటి, నీ అడుగు మీద అడుగు ఏసుకుంట సుట్టు మొత్తం తిరిగొచ్చింది. ఒక్కటి ఇడిసిపెట్టలే. చీకటైతదని నేను పిలుస్తనే ఉన్న. ఒచ్చి నాతోని అన్నది, 'పిల్ల అడుగు ఒక్కటి లేదు వొదినా. సూడు. అన్ని నాయే. తొక్కింది నేను' అని."

అందుకే అత్త ఆ రోజు వాగు దాకా రాలేదు.

"ఇగ ఆ ముక్క పండినంక ముట్టలే. ఒక్క గింజ ముట్టలే. రేషన్ బియ్యమే వండుకున్నది. నేను అన్న, ఎవరు సూస్తరు, ఇన్నేండ్లు ఎదురుసూస్తివి, పిడికెడు తిను అని. 'పిల్ల తింటున్నది గద, తియ్యగున్నయట' అన్నది. పండుగ పూట నాకు కూడ చెప్పింది, తియ్యగున్నయట, తియ్యగున్నయట అని."

అవ్వ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. కాసేపటికి ఆమె లేచి, కోళ్ళను చూసుకోవాలని వెళ్ళిపోయింది.

లోపలికి వెళ్ళాను. పొయ్యి పక్కన రేషన్ బియ్యం సంచి, సగానికి ఖాళీ అయి, మూతి తాడుతో కట్టి ఉంది. అటు గోడ వారగా మూడు పెద్ద కుండలు. మూతలు తీశాను. మూడింటిలోనూ అంచుల దాకా కొర్రలు. పైన వేపాకు ఎండిపోయి ఉంది. ఒక్క కుండలోనూ చేయి పెట్టిన గుంట లేదు. రెండేళ్ళ పంట. నాకు పంపింది పోగా మిగిలిందంతా అలాగే ఉంది. ఆ ఇంటికి ఉన్నది మేమిద్దరమే. ఇద్దరిలో ఒక్కరం కూడా దాన్ని తినలేదు.

అప్పుడు ఏడ్చాను. అబద్ధం చెప్పినందుకు ఏడ్చానో, ఆమె దగ్గరికి పోకుండా దాక్కున్న ఏళ్ళకు ఏడ్చానో చెప్పలేను. ఇన్నేళ్ళూ ఆమె నన్ను వదిలిపెట్టిందనుకున్నాను. ఆమెను వదిలిపెట్టింది నేను.

ఏడ్చి, లేచి, మొహం కడుక్కొని, పొయ్యి రాజేశాను. రోట్లో ఒక శేరు కొర్రలు పోసి దంచాను. దంచడం నాకు సరిగ్గా రాదు, సగం పొట్టు అలాగే ఉండిపోయింది. నీళ్ళు మరిగాక పోసి, ఉప్పు వేసి, ఉడికాక దించాను. ఆమె తినే సత్తు పళ్ళెంలోనే పెట్టుకున్నాను. గుమ్మంలో కూర్చుంటే వాలు మీద మూడో ముక్క కనబడుతోంది. పోయినేటి కొర్ర మోళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి, ఎండకు తెల్లబడి.

తిన్నాను. తియ్యగా లేవు. కొద్దిగా పొగ వాసన, చివర్న నాలుక మీద కాస్త వగరు. బాగున్నాయి, కానీ తియ్యగా మాత్రం లేవు. ఆ సంగతి చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఒక్కదాన్నే కూర్చొని తిన్నాను.